నేను ప్రేమించిన పురుగు

కొందరికి కొండను చూస్తే కళ పుడుతుందంటారు, కొందరికి సముద్రాన్ని చూస్తే. మాకు కొండ చూడాలంటే చిలకలూరిపేట దాటాలి, సముద్రం చూడాలంటే వేటపాలెం దాటి పోవాలి. రెండిటికీ బస్సు మారాలి. అంత శ్రమ పడకుండా నాకు కళ ఇంటి గోడ మీదే దొరికింది. నాలోని కళాకారుణ్ణి నిద్ర లేపింది శనగపచ్చ పురుగు.

పత్తి చేలో ఉండే అసలు పురుగు సంగతి కాదు నేను చెప్పేది. అది చిటికెన వేలంత ఉంటుంది, పత్తికాయలో తల దూర్చి లోపలిదంతా తింటుంది, దానికి పెద్ద వ్యక్తిత్వం ఏమీ ఉండదు. నేను ప్రేమించింది గోడమీది పురుగుని.

నా చిన్నప్పుడు మా చుట్టుపక్కలంతా పత్తి. పత్తి ఉన్నచోట పురుగు, పురుగు ఉన్నచోట మందు కంపెనీ, కంపెనీ ఉన్నచోట పెయింటరు. ఏటా తొలకరికి ముందు ఒక జీపు ఊళ్ళోకి వచ్చి రోడ్డు వైపు గోడ ఉన్న ఇళ్ళన్నిటి ముందూ ఆగేది. ఒప్పందం సులువు. కంపెనీవాళ్ళు గోడకి ఊరికే సున్నం వేసిపెడతారు, దాని మీద తమ మందు పేరు రాసుకుని, పక్కనే ఆ మందుకి చావాల్సిన పురుగు బొమ్మ వేసుకుంటారు. ఇంటివాళ్ళకి సున్నం మిగులుతుంది, కంపెనీకి గోడ దొరుకుతుంది. పురుక్కి ఏం దక్కేదో ఎవరూ ఆలోచించలేదు.

మా తాతయ్య ఈ బేరంలో సిద్ధహస్తుడు. ముందు గోడ కావాలంటే వెనక గోడకీ సున్నం వెయ్యాలనేవాడు. వెనక గోడకి వేశాక, పశువుల కొట్టం ఏం పాపం చేసిందని అడిగేవాడు. కొట్టం అయ్యాక దొడ్డిగోడ. ఒక ఏడైతే మా గేదె కొమ్ములకి కూడా కంపెనీ సున్నమే. ఇంత చేయించుకుని, చివరికి బొమ్మ దగ్గర కూడా వంక పెట్టేవాడు.

"ఇంతేనా పురుగు?" అన్నాడు ఒకసారి పెయింటరుతో, చుట్ట నోట్లోంచి తియ్యకుండా. "పక్కింటోళ్ళ గోడ మీద దీనికి రెండింతలుంది. మేం ఏం తక్కువయ్యాం?"

"వాళ్ళ గోడ పొడుగండి," అన్నాడు పెయింటరు.

"అయితే తోక సందులోకి తిప్పు."

పెయింటరు తిప్పాడు. ఆ పురుగు తల రోడ్డు మీద, నడుము ఇంటి మూల మీద, తోక సందులోకి పోయి, నీళ్ళ గాబు దాటి, వంటింటి కిటికీ కింద ఆగింది. మా అమ్మ చారు తిరగమోత పెడితే పురుగు తోకకి ఘాటు తగిలేది. చిలకలూరిపేట బస్సు డ్రైవర్లు మా ఇంటి ముందుకు రాగానే హారన్ కొట్టి, పురుగు దారి ఇస్తుందేమోనని కాసేపు ఆగి చూసేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. మా నాన్న ఎన్నడూ అబద్ధం ఆడలేదు. ఉన్నదాన్ని కాస్త సాగదీసేవాడు, అంతే.

నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి ఇంట్లో పెట్టకముందే పురుగు దగ్గరకి పోయేవాణ్ణి. దాని వంటి మీది గీతల మీద వేలుతో నడుచుకుంటూ తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా వెళ్ళేవాణ్ణి. దారిలో గాబు దగ్గర ఆగి నీళ్ళు తాగేవాణ్ణి, ప్రయాణం అంత దూరం మరి. ఒకసారి దాని నోటికి బెల్లం ముక్క అంటించాను. పురుగు తినలేదు గాని, జిల్లాలోని చీమలన్నీ మా గోడకి వచ్చాయి. నాకు దాని కనుబొమ్మలంటే మరీ ఇష్టం. నల్లగా, దట్టంగా, ముక్కు మీదకి దూసుకొచ్చినట్టు ఉండేవి.

"పురుక్కి కనుబొమ్మలుంటాయా?" అని పెయింటర్ని అడిగాను.

"ఉండవు."

"మరెందుకేశావు?"

"అయ్యి లేకపోతే మీ తాతకి దాని మీద కోపం రాదు. కోపం రాకపోతే మందు కొనడు."

కళ గురించి నేను నేర్చుకున్న మొత్తం చదువు ఇదే. దీని తరువాత ఎవరూ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరుసటి ఏడు కంపెనీ మారింది. కొత్త జీపు వచ్చి నా పురుగు మీద సున్నం కొట్టేసింది. ఆ దుఃఖంలో నేను పూటల తరబడి అన్నం మానేశానని చెప్పుకోవచ్చు గాని, మానేసింది ఒక్క పూటే, అదీ కాకరకాయ కూర రోజు. సాయంత్రానికి కొత్త పురుగు వచ్చింది. నేను దానికి అలవాటు పడ్డాను.

పెద్దయ్యాక సహజంగానే పెయింటర్నయ్యాను. లారీల వెనక అక్షరాలు రాశాను, ఎరువుల కొట్లకి బోర్డులు రాశాను. తరువాత ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెల్ని ఎండబెట్టేశాయి. ఇప్పుడు పేటలో నాదీ ఒక ఫ్లెక్సీ కొట్టు. పుట్టినరోజు నాయకుల బుగ్గలు కంప్యూటర్లో తెల్లగా చేస్తూ ఉంటాను. నేను తెల్లగా చేసిన బుగ్గల ముందు, తాతయ్య కంపెనీవాళ్ళ చేత వేయించిన సున్నం అంతా కలిపినా దిగదుడుపు.

మా ఆవిడ మా ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. ఒక గది, ఒక వరండా, రోడ్డు పక్కన. ఇటీవల ఆ సెంటర్‌కి గండం వచ్చింది. ఊళ్ళోకి పేటలోని కాన్వెంటు వాళ్ళ పసుపు వ్యాను రావడం మొదలుపెట్టింది. దాని వంటి నిండా నవ్వుతున్న విదేశీ జంతువులు. పిల్లలు ఆ బొమ్మల్ని చూసి వ్యాను ఎక్కేస్తున్నారు, తల్లిదండ్రులు వెనక ఫీజు కట్టుకుంటున్నారు. మిగిలినవాళ్ళు కూలికి పోయే ఆడవాళ్ళ పిల్లలే. సూపర్‌వైజర్ మేడం వచ్చి తలలు లెక్కపెట్టి, పిల్లలు ఇంకా తగ్గితే ఈ సెంటర్ని పక్క ఊరిదాంట్లో కలిపేస్తామని చెప్పి వెళ్ళింది. పక్క ఊరు హైవేకి అవతల ఉంది. మూడేళ్ళ పిల్ల ఆ హైవే దాటాలంటే మధ్యలో పెళ్ళీడుకొస్తుంది.

"ఏవండీ, వరండా గోడకి బొమ్మలెయ్యండి," అంది మా ఆవిడ. "వ్యాను మీద ఉన్నవాటికంటే బాగుండాలి."

ఏనుగుతో మొదలుపెట్టాను. ఫోన్లో ఏనుగుని చూస్తూ గోడ మీద వేశాను. కాళ్ళు నాలుగూ, తొండం ఒకటీ, లెక్క సరిపోయింది. ఆయా వచ్చి కాసేపు చూసి, "బావుందయ్యా. ఈ గ్యాసు బండ దేనికి?" అంది. నెమలిని వేశాను. పిల్లలు దాన్ని దాటుకుని వెళ్ళి, రోడ్డు మీద ఆగిన పసుపు వ్యానుకి టాటా చెప్పారు. కుందేలు గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

ఆ రోజు భోజనం దగ్గర మా ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. పెళ్ళైన కొత్తలో కూడా అంతసేపు చూడలేదు.

"మీకు చిన్నప్పుడు ఏనుగంటే ఇష్టమా?" అంది.

"నేను ఏనుగుని చూడనే లేదు."

"మరి ఏదంటే ఇష్టం?"

ఇన్నేళ్ళ కాపురంలో నేను దాచిన విషయం అదొక్కటే. చెప్పేశాను. ఆవిడ మజ్జిగ పోసుకుంది, కలుపుకుంది, తినేసింది, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"సరే, వెయ్యండి," అంది.

వేశాను. ఏనుగు మీద, నెమలి మీద, ఆ మూడో దాని మీద సున్నం కొట్టి పురుగు వేశాను. నా చెయ్యి నన్ను అడక్కుండానే పోయింది. తల తలుపు పక్కన మొదలై, కిటికీ కింద నుంచి వంగి, స్తంభం చుట్టూ తిరిగి, తోక నీళ్ళ కుండ దగ్గర తేలింది. పచ్చటి వళ్ళు, తెల్లటి చార, వంటి మీద కణుపులు కణుపులుగా ముక్కలు. నోట్లో పగిలిన పత్తికాయ. కనుబొమ్మలు ఎలా వచ్చాయంటే, పూర్తయ్యాక నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ముక్క ముక్కకీ ఒక అంకె రాశాను, చదువు కూడా ఉండాలి గనక.

పిల్లలు మర్నాడు వచ్చి తిన్నగా గోడ దగ్గరకి పోయారు. వెళ్ళి తలో ముక్క పంచేసుకున్నారు. భోజనానికి ఎవరి ముక్కకి వాళ్ళు వీపు ఆనించి కూర్చోవడం, ఆయా వరసగా గుడ్డు పెట్టుకుంటూ రావడం, ఇది ఒక్క పూటలో రాజ్యాంగమైపోయింది. వారం తిరక్కుండా వ్యాను ఎక్కే పిల్లల్లో కొందరు మా సెంటర్ ముందు వ్యాను ఆపించి దిగిపోవడం మొదలుపెట్టారు. ముక్కలు చాలక తోక పొడిగించాను. మా ఆవిడ మొహంలో నేను ఎప్పుడో చూసిన వెలుగు కనిపించింది. ఎప్పుడు చూశానో గుర్తు లేదు గాని, దానికి కారణం అప్పుడు నేను కాదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కాని ఆ వరండా రోడ్డు పక్కన ఉంది, ఆ రోడ్డు మీద పోయేవాళ్ళంతా పత్తి రైతులు. మొదట ఒకాయన వీపున స్ప్రేయరుతో పొలం నుంచి వస్తూ గోడని చూసి ఆగాడు. ఆగి, అలవాటు కొద్దీ చెయ్యి గొట్టం మీదకి పోనిచ్చాడు.

"లద్దె పురుగు," అన్నాడు.

"లద్దె పురుగెందుకైద్దిరా?" అన్నాడు వెనక బండి మీద వచ్చినాయన. "ఆ తెల్ల చార కనపడట్లా? శనగపచ్చ పురుగది."

"నీకు చూపు ఎప్పుడానిందిలే. పోయినేడు గులాబి పురుగుని చూసి పేనుబంక అన్నది నువ్వు కాదూ?"

"నేనన్నది సరే. నువ్వు దేనికి ఏ మందు కొట్టి చేను మొత్తం మాడ్చావో అది కూడా చెప్పు, పిల్లలు విని నేర్చుకుంటారు."

సాయంత్రానికి సెంటర్ ముందు గ్రామసభ. ఏ పురుగో తేలలేదు గాని, దానికి వాడాల్సిన మందుల మీద ఊరు ముక్కలైంది. ఒకరిద్దరు నన్ను పక్కకి పిలిచి, పురుగు ఏ దశలో ఉందో చెప్పమన్నారు. ఆకలి దశలో ఉందని చెప్పాను.

ఆ గ్రామసభ అయిన మూడో రోజు ముఠా పెద్దమ్మ వచ్చింది. కూలికి పోయే ఆడవాళ్ళందరినీ ఆటోలో ఎక్కించి, ఏ చేనుకి పోవాలో, ఎప్పుడు దిగాలో, ఎప్పుడు నడుం ఎత్తాలో నిర్ణయించేది ఆవిడే. మా ఆవిడ సెంటర్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ ముఠా ఆడవాళ్ళ పిల్లలు. పెద్దమ్మ మనవడు పురుగు నోటి దగ్గర నుంచి నాలుగో ముక్క వాడు. ఆవిడ వచ్చి, కొంగు నడుముకి చుట్టుకుని, పురుగుని తల నుంచి తోక దాకా చూసింది. ఆ చూపుకి నిజం పురుగైతే చచ్చేది.

"ఏమయ్యా, ఈ పని నీదేనా?"

"నాదేనండి."

"పొద్దుగూకులూ పొలంలో దీని మొహమే చూసేది. మా కౌలు చేను తినిపోయింది ఇదే. మా ఆయన మంచం పట్టింది దీని దెబ్బకే. పిల్లోణ్ణి దింపుదామని వస్తే ఇక్కడా ఇదేనా? అదీ, మీసం తిప్పినట్టు కనుబొమ్మలు వేసుకుని?"

నేను కళ గురించి చెప్పబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"రేపు పొద్దుటికి తుడిచెయ్యి టీచరమ్మా," అంది ముఠా పెద్దమ్మ, నన్ను వదిలేసి. "లేకపోతే మా పిల్లల్ని పంపం. మునుపటిలాగా పొలానికే తీసకపోతాం. చెట్టుకి చీర కట్టి ఊపుకుంటాం."

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుంది. ముఠా పిల్లలు మానేస్తే సెంటర్ లేదు. సెంటర్ లేకపోతే మా ఆవిడ ఎక్కడో, పిల్లలు హైవే పక్కనో, చెట్టుకి కట్టిన చీరలోనో.

"తుడిచేద్దామండీ," అంది, పురుగు వైపు చూడకుండా.

మర్నాడు పొద్దున్నే సున్నం బకెట్టుతో వెళ్ళాను. పొలానికి పోయే ఆటో కూడా వచ్చి ఆగింది, తుడిచేది కళ్ళారా చూడ్డానికి. ఆడవాళ్ళు దిగి వరసగా నిలబడ్డారు, పిల్లలు అప్పటికే వరండాలో ఎవరి ముక్క దగ్గర వాళ్ళు చేరారు. ముఠా పెద్దమ్మ ముందుంది. నేను కుంచె సున్నంలో ముంచి తోక దగ్గర మొదలుపెట్టబోయాను, కాస్త ఆలస్యం చేద్దామని.

చివరి ముక్క పిల్ల ఏడుపు అందుకుంది. అది చూసి పక్క ముక్క వాడు, వాణ్ణి చూసి ఆ పక్కది. ఏడుపు ముక్కముక్కా ఎక్కుతూ తల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద లారీలు స్లో అయ్యాయి. వాళ్ళు పురుగు కోసం ఏడుస్తున్నారని నేను కాసేపు పొంగిపోయాను. ముఠా పెద్దమ్మ మనవణ్ణి ఎత్తుకుని, "ఏందిరా నీ గోల?" అంటే అసలు విషయం బయటపడింది.

"నా ముక్క తుడిచేస్తే నా గుడ్డు ఏడ పెడతారు?" అన్నాడు వాడు.

ఆయా గుడ్డు కిందనే పెడుతుందని, గోడకి ఏ సంబంధమూ లేదని మా ఆవిడ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ముక్క ఉన్నప్పటి నుంచీ గుడ్డు అక్కడే వస్తోంది, ముక్క పోతే గుడ్డు పోతుంది. నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అలాగే అనుకునేవాణ్ణి.

ముఠా పెద్దమ్మ మనవణ్ణి దింపి, గోడ దగ్గరగా వచ్చింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చూపిస్తే ఆపేశాడు.

"దాని నోట్లో ఆ కాయేంది?"

"పత్తికాయండి."

"అది తీసెయ్."

"తీసేస్తే మరి అది తినేదేంటి?" అన్నాను. నోరు తెరిచిన పురుక్కి ఏదో ఒకటి పెట్టకపోతే బొమ్మ అసంపూర్తి. ఈ విషయంలో నేను రాజీ పడను.

"ఆకులు పెట్టు," అంది వెనక నుంచి ఒకామె.

"ఏం ఆకులు? మిరపాకులా? సరిపోయింది."

"మట్టి తిననీ."

"మట్టి తింటే వానపామైద్ది గదే."

అంతలో ఎవరు అన్నారో తెలియదు, మెల్లగా వినిపించింది: "కలుపు తినమను."

 ముఠా పెద్దమ్మ గోడ వైపు చూసింది. ఆ ఆడవాళ్ళందరి నడుములూ జూన్ నుంచి సంక్రాంతి దాకా కలుపు దగ్గరే వంగి ఉంటాయి. ఆ చేలల్లో వంగే మరో ప్రాణి ఉంటుందన్న ఆలోచన వాళ్ళకి అప్పుడే వచ్చింది.

"కలుపు తింటదంటావా?" అంది ముఠా పెద్దమ్మ, నన్ను కాదు, పురుగుని అడిగినట్టు.

"తినిద్దండి," అన్నాను. "ఏం పెడితే అది తినిద్ది."

"అయితే తుంగ పెట్టు."

తుంగ వేశాను. "గరిక," అంది ఇంకొకామె. గరిక వేశాను. "అది గరికా? కొత్తిమీర కట్టలా ఉంది. సన్నగా, నేల మీద పాకాలి." పాకించాను. వయ్యారిభామ కావాలన్నారు, ఆ తెల్లపూల మొక్కని ముట్టుకుంటేనే వాళ్ళ చేతులకి దురద. అది గంపెడు వేయించారు. పల్లేరు కాయలు మాత్రం వద్దంది ముఠా పెద్దమ్మ, నోట్లో గుచ్చుకుంటాయని. నిన్న తుడిచెయ్యమన్న పురుగు నోటి గురించి ఆవిడ ఆ మాట అంది.

ముఠా పెద్దమ్మ ఫోన్ మోగింది. చేనుగల ఆసామి. "వస్తన్నాం బాబూ, వస్తన్నాం," అంది ఆవిడ. "ఇక్కడ కలుపు పనుంది." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఆ కనుబొమ్మలు కూడా దించు. పనిచేసేదానికి అంత పొగరెందుకు?"

దించాను. కొంచెం బాధపడ్డాను గాని, దించాక పురుగు మొహంలో పొద్దున్నే ఆటో ఎక్కబోయే మనిషి కళ వచ్చింది. అప్పుడు మా తాతయ్య కాలపు పెయింటరు ఉంటే ఏమనేవాడోనని అనుకున్నాను. ఉంటే, కోపం రాని పురుక్కి మందు ఎవరు కొంటారనేవాడు.

ముఠా పిల్లలు మానలేదు. పొలంలో కలుపు తీస్తూ ఆ ఆడవాళ్ళు ఒక మూల తియ్యకుండా వదిలేసి, ఇది బడి పురుగు వాటా అన్నారట. ఆసామి ఒప్పుకోలేదట. ఒప్పుకున్నాడని కూడా ఊళ్ళో ఒక కథ ఉంది, అది నేను ప్రచారం చేసిందే.

నెలాఖరుకి సూపర్‌వైజర్ మేడం వచ్చారు, కలపాలా వద్దా తేల్చడానికి. వరండా గోడ చూసి ఆగారు. పిల్లల్ని అడిగారు.

"ఇదేంటమ్మా?"

"పురుగు."

"ఏం చేస్తుంది?"

"కూలికి పోయిద్ది," అన్నారు అందరూ.

మేడం మా ఆవిడ వైపు చూశారు. మా ఆవిడ కళ్ళు ఆర్పకుండా, "స్థానిక పరిస్థితులకు అనుగుణంగా బోధన, మేడం," అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి అంత పొడుగు మాట నేను వినలేదు. ట్రైనింగులో ఇచ్చినట్టున్నారు.

భోజనం వేళ మేడం పిల్లలతోపాటు కూర్చుంటానన్నారు. కిటికీ కింద ఖాళీ కనిపిస్తే అక్కడ చాప వేయించుకోబోయారు.

"అది జ్వరమొచ్చినోడిది," అంది ఆ పక్క ముక్క పిల్ల.

మేడం స్తంభం అవతలికి వెళ్ళారు. అక్కడిది అమ్మమ్మగారి ఊరెళ్ళినోడిది, సోమవారం వస్తాడు. తోక దగ్గరది నిన్న వ్యాను దిగి కొత్తగా చేరినామెది, బాత్రూంకి వెళ్ళింది, వస్తుంది. మేడం చెప్పులు చేత్తో పట్టుకుని పురుగు పొడుగునా ఒకసారి నడిచారు, తల నుంచి తోక దాకా, మళ్ళీ తోక నుంచి తలకి. ఎవరూ జరగలేదు.

చివరికి ఆవిడ పురుగు నోటి ముందు, వయ్యారిభామ పక్కన, చాప లేకుండా కూర్చున్నారు. ఆ రోజు సెంటర్ కలిపే మాట ఎవరూ ఎత్తలేదు. ఆయా వరసగా గుడ్లు పెట్టుకుంటూ వచ్చి, మేడం దగ్గర ఒక్క క్షణం ఆగి, ముక్క లేదు గనక దాటుకుని వెళ్ళిపోయింది.